మన వాకిట్లోకి వచ్చిన బడి: చంటిపిల్లల చదువుకు రెండొందల ఏళ్ల చరిత్ర



పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ చదవండి. జూన్ వచ్చిందంటే మనలో ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న. "పిల్లోడికి మూడేళ్లు నిండినాయి. టౌన్‌లో ఇంగ్లీష్ మీడియంలో వేయాలా, తాండాలో అంగన్‌వాడీకి పంపాలా?" ఒకరు అటంటారు, ఒకరు ఇటంటారు. ఏది మంచి బడో ఎట్లా గుర్తుపట్టాలంటే మాత్రం ఎవరి దగ్గరా మాట లేదు. కాలేజీలో నేను చదివింది హిస్టరీ. మన పిల్లల కోసం ఈ రెండొందల ఏళ్లలో ఎవరు ఏ బడి పెట్టారో, ఎందుకు పెట్టారో చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నాకు అనిపించింది. అందుకే రాస్తున్నా.

ముందు మా ఇంటి సంగతి

మాది కదిరి వైపు ఒక సుగాలి తాండా. వాన మీదే ఆధారపడిన శెనక్కాయ చేలు. నేను పుట్టేనాటికి మా అక్కకు ఎనిమిదేళ్లు. అమ్మ కూలికి పోతే తప్ప పూట గడవదు. చేనుగట్టున వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి నన్ను పడుకోబెట్టేది, కాపలాకు అక్కను కూర్చోబెట్టేది. అట్లా అక్క మూడో తరగతిలోనే బడి మానేసింది. ఈ రోజు నేను ఎం.ఏ. చదివినానని చెప్పుకుంటున్నానంటే, దాని పునాదిలో మా అక్క చదువు పూడిపోయి ఉంది. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇట్లాంటి అక్క ఒకరు ఉంటారు.

అందుకే కొడుకు పుట్టగానే అక్క గట్టిగా అనుకుంది, వీడిని మంచి బడిలోనే వేయాలని. మూడున్నరేళ్లకు టౌన్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చేర్పించింది. పంట అమ్మిన డబ్బు, కమ్మలు కుదువ పెట్టిన డబ్బు కలిపి ఫీజు కట్టినారు. పొద్దున ఏడున్నరకే వ్యాను. టై, బెల్టు, బూట్లు. మూడు నెలలకు నోట్‌బుక్ నిండా ఏ బీ సీ డీలు. మేమంతా మురిసిపోయినాం.

తేడా ముందు కనిపెట్టింది మా అమ్మ. పిల్లోడు మాట్లాడటం తగ్గించేసినాడు. దప్పికైతే "పాణి" అని కూడా అనకుండా బిందె వైపు వేలు చూపిస్తున్నాడు. అడగ్గా అడగ్గా తెలిసింది, బళ్లో తాండా మాట మాట్లాడితే మూలన నిలబెడతారంట. వాడికి తెలుగు ఇంకా సరిగా రాదు, ఇంగ్లీషు అసలే రాదు. ఉన్న ఒక్క భాషనూ నోట్లోనే మింగేసుకున్నాడు. ఆ నోట్‌బుక్‌లో సగం అక్షరాలు వాడి చెయ్యి పట్టుకుని ఎవరో రాయించినవే అని తర్వాత తెలిసింది.

అది చూసినప్పుడు నేను కాలేజీలో చదివిన ఒక పాత రిపోర్టు గుర్తొచ్చింది.

మనల్ని లెక్కలోకే తీసుకోని బడి

1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో, రాష్ట్రంలో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఉత్తర్వు ఇచ్చినాడు. ఈ మన్రో మనకు కొత్తవాడు కాదు. 1800 నుంచి 1807 వరకు ఈ దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసినవాడే. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు, బళ్లారిలో భాగం. 1882లో కదా విడిపోయింది. బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాసినాడు. తెలుగుకు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఈయనే.

ఆ రిపోర్టు ప్రకారం జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. బడులు 533. చదివేవాళ్లు 6,641 మంది. అంటే వెయ్యి మందిలో ఏడుగురు. పిల్లలకు ఐదో ఏట అక్షరాభ్యాసం చేసి అరుగు బడిలో కూర్చోబెట్టేవాళ్లు. ఇసుకలో వేలితో దిద్దించేవాళ్లు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పేవాళ్లు. ఈ పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు.

కానీ అదే రిపోర్టులో రెండు మాటలు మనం పట్టించుకోవాలి. మొదటిది బీదరికం గురించి. మధ్యతరగతి, కింది తరగతి జనం బడి ఖర్చు భరించలేకపోతున్నారని, లేత చేతులు చిన్న పనికి పనికొచ్చిన రోజు నుంచే పిల్లల సాయం లేనిదే ఇల్లు గడవడం లేదని రాసినాడు. ఒకప్పుడు బడి ఉన్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేదన్నాడు. చేనుగట్టు మీద ఉయ్యాల ఊపిన మా అక్క చేతులు, కాంప్‌బెల్ చూసిన ఆ లేత చేతులు వేరు వేరా? మధ్యలో దాదాపు 180 ఏళ్లు గడిచినాయి, అంతే.

రెండో మాట చదువు తీరు గురించి. పిల్లలు వందలకొద్దీ పద్యాలు అప్పజెబుతారు గానీ వాటి అర్థం వాళ్లకు తెలియదని, ఎక్కువమంది పంతుళ్లకూ తెలియదని రాసి, ఆ పిల్లల్ని మాటలు నేర్చిన చిలకతో పోల్చినాడు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బళ్లో వల్లించే భాష ఇంకొకటి. నోరు పలుకుతుంది, బుర్రకు ఎక్కదు. మా అక్క కొడుకు నోట్‌బుక్ గురించి రాసినట్టే ఉంది కదా.

ఇంకొకటి. ఆ లెక్కల పట్టికలో బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ముస్లింలు అని కాలమ్‌లు ఉన్నాయి. సుగాలి, యెరుకల, యానాది అని కాలమ్ లేదు. ఈ 533 బడులు మన పిల్లల్ని తరిమేసినాయని కూడా చెప్పలేం. తరిమేయాలన్నా ముందు కంటికి ఆనాలి కదా.

బిడ్డను లాక్కున్న బడి

తర్వాత ప్రభుత్వానికి మనం బాగా కనిపించడం మొదలైంది. అది ఇంకా ఘోరం.

మన తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వ్యాపారులు. 1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలు పట్టా, మద్రాసు నుంచి గుత్తి మీదుగా పోయిన పట్టా రాయచూరులో కలిసినాయి. ఎద్దుల మూటల బేరం అక్కడితో చచ్చిపోయింది. అదే 1871లో ఉత్తర భారతంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగ అని రాసుకునే చట్టం. 1897లో దానికి ఒక సవరణ చేసినారు. ఆ తెగల మగపిల్లల్ని నాలుగో ఏట నుంచి పద్దెనిమిదో ఏట వరకు తల్లిదండ్రులకు దూరంగా ప్రత్యేక సెటిల్‌మెంట్లలో పెట్టే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది ఆ సవరణ. 1911 చట్టంతో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో యెరుకల వాళ్ల కోసం స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టినారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం ఈ కొత్త చట్టంలోనూ ఉంది.

నాలుగేళ్లు అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఇప్పుడు మనం నర్సరీకి పంపే వయసు అది. చిన్నప్పుడు పడిన ముద్ర జీవితాంతం ఉంటుందని ఆ సర్కారుకూ తెలుసు. తెలుసు కాబట్టే నాలుగో ఏటనే పట్టుకోవాలనుకుంది. ఆ బడి ఆలోచన ఒకటే: తల్లి చెడ్డది, ఆమె భాష చెడ్డది, ఆమె బతుకు చెడ్డది, బిడ్డను బాగుచేయాలంటే ఆమె నుంచి తప్పించాలి.

మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయింది, కానీ ఆలోచన అంత సులువుగా పోదు. తాండా మాట మాట్లాడినాడని నాలుగేళ్ల పిల్లోడిని మూలన నిలబెట్టే బడి ఆ ఆలోచనకు తెలియకుండానే వారసురాలు. టై కట్టి ఫీజు తీసుకోవడం ఒక్కటే తేడా.

వాకిట్లోకి వచ్చిన బడి

ఇప్పుడు మంచి కథ చెబుతా. ఇది మన జిల్లాది కాదు, మహారాష్ట్రది. కానీ మన ప్రతి తాండాలో ఉన్న ఒక పేరు అక్కడి నుంచే వచ్చింది.

తారాబాయి మోదక్ అని ఒకామె. గుజరాత్‌లో భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో పెట్టిన బాలమందిరంలో ఆయనతో కలిసి పనిచేసింది. అప్పట్లో మాంటిసోరి పద్ధతి అంటే డబ్బున్నవాళ్ల పిల్లలకే. ఖరీదైన చెక్క సామాను కావాలి, ప్రత్యేకంగా గది కావాలి. ఈ చదువు పల్లె పిల్లలకు ఎందుకు అందకూడదని ఆమె 1945లో బోర్డి అనే సముద్రం ఒడ్డు ఊళ్లో బాలవాడి మొదలుపెట్టింది. తోడుగా అనుతాయి వాఘ్ వచ్చింది. పదమూడేళ్లకు పెళ్లై, ఆరు నెలల్లోనే భర్తను పోగొట్టుకుని, తర్వాత పట్టుబట్టి చదువుకున్న మనిషి ఆమె.

బాలవాడి తెరిచినారు గానీ, బీద పేటల పిల్లలు రాలేదు. రమ్మంటే రారు. వచ్చినా నిలబడరు. ఇక్కడ వాళ్లు చేసిన పని చరిత్ర. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలి అనుకున్నారు. వాళ్ల వాడకే పోయి, ఇంటి ముందు వాకిలి ఊడ్చి, అక్కడే కూర్చుని ఆటా పాటా మొదలుపెట్టినారు. వాకిలిని వాళ్ల భాషలో అంగన్ అంటారు. అట్లా వాకిట్లో నడిచే బడి అంగన్‌వాడీ అయింది.

తర్వాత 1956-57 కాలంలో వాళ్లు కోస్బాడ్ కొండకు పోయినారు. అది వార్లీ ఆదివాసీల చోటు. అక్కడ ఖరీదైన సామాను లేదు. గింజలు, గులకరాళ్లు, ఆకులు, గవ్వలు, అవే లెక్కలకూ రంగులకూ సామాను. పశువులు కాసే పిల్లల కోసం మేత బీడులోనే బడి పెట్టినారు. చంటిబిడ్డల ఉయ్యాలలు, బాలవాడి, ప్రాథమిక బడి మూడూ ఒక్క చోట పెట్టి దానికి వికాసవాడి అని పేరు పెట్టినారు. ఎందుకో తెలుసా? తమ్ముడినో చెల్లెలినో చంకనేసుకున్న పిల్ల కూడా చదువుకోవాలంటే, ఆ చంటిబిడ్డను దించడానికి బళ్లోనే చోటు ఉండాలి. మా అక్కలాంటి పిల్లను కళ్లారా చూసినవాళ్లకు మాత్రమే ఇది తడుతుంది.

ఆ పేరుతోనే 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్ మొదలుపెట్టింది. తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠం, పిల్లలకు బడి ముందు చదువు. ఇట్లా ఆరు సేవలు. అంగన్‌వాడీ అంటే మనలో చాలామంది "గుడ్లు, పాలు ఇచ్చే చోటు" అనుకుంటారు, పేదలకు పడేసిన బడి అనుకుంటారు. ఆ మాట పుట్టిందే బీదల వాకిట్లో, పెరిగిందే ఆదివాసీల మధ్య. మనం చిన్నచూపు చూడాల్సిన పేరు కాదది.

కాగితం మీద మన హక్కు

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి. పాత రాజ్యాంగంలో 45వ అధికరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ చదువు అన్నది. అందులో చంటిపిల్లలూ ఉన్నట్టే. 2002లో 86వ సవరణ వచ్చి 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ల లోపు వాళ్ల విషయంలో మాత్రం ప్రభుత్వం ప్రయత్నించాలి అని రాసి వదిలేసింది. మనిషికి పునాది పడే ఆరేళ్లే హక్కు బయట ఉండిపోయినాయి.

ఆ లోటును కొంతవరకు పూడ్చింది సుప్రీంకోర్టు. ఆహార హక్కు కేసులో 2001 నవంబరు 28న ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని చెప్పింది. 2006 డిసెంబరు 13 ఉత్తర్వులో ఇంకా స్పష్టంగా, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలంది. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలంది. 150 మంది జనాభా ఉన్న చిన్న ఆవాసానికి కూడా మినీ అంగన్‌వాడీకి నిబంధనల్లో చోటుంది. అనంతపురంలో ఐదో షెడ్యూల్ ప్రాంతం లేదు. మనం మైదాన గిరిజనులం. కాబట్టి మనకు ఈ కోర్టు ఉత్తర్వులే ఆయుధం.

ఇంకొకటి మన జిల్లాలోనే మొదలైంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించినాడు. ఆ 2005 చట్టం షెడ్యూల్‌లో ఒక రూల్ రాసినారు. పని చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేదా ఎక్కువ ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని ఆ రూల్ చెప్పింది. బెంగళూరు బిల్డింగు పనులకు వలసపోయే మనవాళ్ల కోసం 1996లో ఒక చట్టం వచ్చింది. యాభై మంది కంటే ఎక్కువ ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలని అది చెప్పింది. ఈ రెండు రూల్స్ గురించి మీ తాండాలో ఎంతమందికి తెలుసో రేపు అడిగి చూడండి. మా తాండాలో నేను అడిగితే ఒక్కరికీ తెలియదు. మా అమ్మ మాత్రం "ఆ రూల్ అప్పుడుంటే మీ అక్క చదువుకునేది కదా" అని లేచి పోయింది.

మరి మంచి బడిని ఎట్లా గుర్తుపట్టాలి?

పైన చెప్పిన మూడు బడులను గుర్తుంచుకోండి. మనల్ని లెక్కలోకే తీసుకోని బడి, మన బిడ్డను లాక్కున్న బడి, మన వాకిట్లోకి వచ్చిన బడి. నర్సరీ కానీ, అంగన్‌వాడీ కానీ, ఎల్‌కేజీ కానీ, బోర్డు మీద పేరు చూడొద్దు. ఒక గంట లోపల కూర్చుని ఇవి చూడండి.

1. బిడ్డ భాషకు లోపల చోటుందా? గోర్‌బోలీలోనో, యెరుకల వాళ్ల కుర్రు భాషలోనో బిడ్డ ఒక మాట అంటే అక్కడి టీచర్ ఏం చేస్తుంది? నవ్వి జవాబిస్తుందా, కసురుతుందా? తెలుగూ ఇంగ్లీషూ రావాలి, వద్దనే పిచ్చోళ్లం కాదు మనం. కానీ ఉన్న భాష మీద కొత్త భాష నిలబడుతుంది, దాన్ని పీకేసి కాదు. న్యూజిలాండ్‌లో మావోరీలు తమ భాష చచ్చిపోతోందని 1982లో కోహంగా రియో, అంటే భాషా గూడు, అనే పిల్లల బడులు పెట్టుకున్నారు. అవ్వలూ తాతలూ పిల్లల మధ్య కూర్చుని సొంత భాషలోనే ఆడించేవాళ్లు. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది, అందులో బంజారా భాష కూడా ఉంది. కాబట్టి ఇది జరగని పని కాదు.

2. చేతుల్లో ఏముంది? మూడేళ్ల చేతిలో పెన్సిల్, నోట్‌బుక్ ఉంటే సంతోషపడొద్దు. మట్టి, గింజలు, ముగ్గు, బొమ్మలు, కథ, పాట ఉన్నాయా చూడండి. ఇరవై మంది పిల్లలు గంటసేపు కదలకుండా చేతులు కట్టుకుని కూర్చున్నారంటే అది క్రమశిక్షణ కాదు, భయం. కాంప్‌బెల్ చెప్పిన చిలకలు వాళ్లే.

3. ఆ మనిషి ఎవరు? బడి అంటే గోడలు కాదు, లోపలున్న మనిషి. టీచర్ లోపలికి రాగానే పిల్లలు ఆమె దగ్గరికి పరుగెత్తుతారా, గోడకు అతుక్కుంటారా? బిడ్డ ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటారు? 2013 జాతీయ విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి, మూడేళ్ల లోపు వాళ్లయితే 10 మందికి ఒకరు. లెక్కపెట్టండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటి ఊళ్లో 1962లో బీద నల్లజాతి పిల్లలతో ఒక బడి ముందు బడి నడిపినారు. ఆ బడికి పోయినవాళ్లనూ పోనివాళ్లనూ కలిపి 123 మందిని నలభై ఏళ్లు దాటేదాకా గమనిస్తూ వచ్చినారు. పోయినవాళ్లు ఎక్కువ సంపాదించినారు, తక్కువ కేసుల్లో ఇరుక్కున్నారు. ఆ బళ్లో మాయ ఏమీ లేదు. శిక్షణ ఉన్న టీచర్లు, కొద్దిమంది పిల్లలు, రోజూ పొద్దున రెండున్నర గంటలు, వారానికోసారి టీచరే ఇంటికి వచ్చి తల్లితో మాట్లాడటం. చూడండి, అక్కడా బడే వాకిట్లోకి వచ్చింది.

4. తిండి, నీళ్లు, దొడ్డి. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు అంగన్‌వాడీలో బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అందాలని రాసినారు. బరువు తూచి చార్టులో రాస్తున్నారా? మీ బిడ్డ చార్టు చూపించమని అడగండి. తాగే నీళ్లు ఎక్కడివి? మరుగుదొడ్డికి నీళ్లున్నాయా? 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆట స్థలం ఉండాలని కూడా విధానంలో ఉంది. ప్రైవేటు బడి అయినా ఇవే అడగాలి. సన్నని మెట్లెక్కి మూడో అంతస్తులో ఉన్న నర్సరీకి ఎంత రంగు వేస్తే ఏం?

5. తలుపు ఎవరికి తెరుచుకుంటుంది? ఇది అన్నింటికంటే పెద్ద గుర్తు. తల్లి పని బట్టల్లోనే పోయి లోపల కూర్చోవచ్చా? "గేటు దగ్గర వదిలి పోండి, లోపలికి రావద్దు" అనే బడిని అనుమానించండి. సెటిల్‌మెంటు బడి తల్లిని బయట పెట్టింది, అంగన్‌వాడీ తల్లి వాకిట్లోనే కూర్చుంది. ఈ తేడా ఒక్కటి గుర్తున్నా చాలు.

అంగన్‌వాడీ పేరుంటే చాలా?

చాలదు. మా తాండా అంగన్‌వాడీ కూడా కొన్నేళ్లు పేరుకే ఉండేది. గుడ్డు ఇచ్చి పంపేసేవాళ్లు, ఆట లేదు, పాట లేదు. మా అక్క టౌన్‌కు పంపింది ఊరికే మోజుతో కాదు. ఇక్కడ ఏమీ లేదని చూసే పంపింది. ఆమెను తప్పు పట్టే హక్కు నాకు లేదు.

టీచర్ల వైపు కూడా చూడాలి. రిజిస్టర్లు, సర్వేలు, ఫోన్‌లో యాప్‌లు అన్నీ ఆమె నెత్తినే. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరులో మన రాష్ట్ర అంగన్‌వాడీ అక్కలు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు నడిచింది. వాళ్ల మీద ఎస్మా కూడా పెట్టినారు. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. ఆ మనిషి కడుపు నిండకుండా ఆమె చేతుల్లోని బిడ్డకు మంచి బడి ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి టీచర్‌ను తిట్టడం కాదు, ఆమెతో కలిసి అడగాలి.

మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తా. దసరా సెలవులకు వచ్చిన పిల్లోడిని మళ్లీ టౌన్‌కు పంపలేదు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు, కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నాయి. అప్పటికి మా అంగన్‌వాడీకి కొత్త టీచర్ వచ్చింది. ఆమెకు గోర్‌బోలీ రాదు, కానీ నేర్చుకోవాలనే మనసుంది. మేం నలుగురం డిగ్రీ పిల్లలం వారానికోరోజు పోయి కూర్చుంటున్నాం. మా అమ్మ పోయి పాత పాటలు పాడుతుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు, కానీ పిల్లలకు పాటలో ఏక్, ది, తీన్ నేర్పేసింది. పోయిన నెల మా వాడు ఇంటికొచ్చి, బూట్లు లేని కాళ్లతో గుమ్మంలో నిలబడి, గట్టిగా అరిచినాడు: "యాడీ, పాణి!"

మా అక్క నీళ్లు ఇవ్వడం మర్చిపోయి ఏడ్చింది.

అన్ని తాండాల్లోనూ ఇట్లాగే అవుతుందని నేను చెప్పను. కొన్ని చోట్ల టౌన్ బడే మేలు కావచ్చు. అక్కడి టీచర్ బిడ్డను ఎత్తుకునే మనిషైతే అక్కడే వేయండి. కానీ చూసి వేయండి. మీకు ఒకటే పని చెబుతున్నా. ఈ వారం ఎవరి తాండాలో, ఎవరి కాలనీలో వాళ్లు అంగన్‌వాడీకి పోయి ఒక గంట కూర్చోండి. పైన రాసిన ఐదూ చూడండి. ఆరేళ్ల లోపు పిల్లల్ని లెక్కపెట్టండి. 40 మంది ఉండి సెంటర్ లేకపోతే పేర్లు రాసి, తల్లుల సంతకాలో వేలిముద్రలో తీసుకుని, సీడీపీఓ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీ ఎట్లా రాయాలో తెలియకపోతే అడగండి, నేను రాసి పెడతా.

1823 పట్టికలో మనకు కాలమ్ లేదు. ఈ పట్టిక మనమే రాద్దాం.

రామ్ రామ్.